చింతగింజల చెంబు

మొన్న ఏఎస్ రావు నగర్ బజారులో చింతపండు కొంటుంటే కొట్టతను "గింజ దీసిందా అక్కా, గింజతోటిదా?" అని అడిగాడు. రోజూ అందరినీ అడిగే మాటే. నేను మాత్రం గింజతో ఉన్న కుప్ప వైపు చూస్తూ ఉండిపోయాను. వెనక నిలబడ్డావిడ "ఏదో ఒకటి చెప్పమ్మా, ఎండలో నిలబెట్టకు" అని విసుక్కునేదాకా అలాగే నిలబడిపోయాను.

ఆరు నెలలుగా నేను గింజ తీసిన చింతపండే కొంటున్నాను. ఎందుకని ఇంట్లో అడిగితే పని సులువని చెప్పాను. అబద్ధం. చింతగింజ కంటబడితే నాకు ఆయన గుర్తొస్తాడు. ఆయన వెనకే ఆ ఆదివారం గుర్తొస్తుంది. ఇక ఆ పూట వంట ముందుకు సాగదు.

ఆయన పేరు రాయను. మా నాటక సమాజం కరపత్రాల మీద ఎవరి పేరూ ఉండకూడదని నియమం పెట్టింది ఆయనే. మనిషి పోయాడు కదా అని ఆయన నియమం నేను తప్పలేను. ఒకసారి ఆయన పట్ల తప్పింది చాలు. మిగతావాళ్ళవి మార్చిన పేర్లు.

నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ బకెట్లు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే, ఆ షెడ్డు మాకు ఆదివారాలు రిహార్సల్‌కి దొరికేది. పక్క షెడ్డులో ఆదివారం కూడా ఏదో మిషను దడదడలాడుతూ ఉండేది. దాని మీద గొంతు లేపి మాట్లాడటం అలవాటై, మా వాళ్ళెవరికీ ఏ హాల్లోనూ మైకు అక్కర్లేకపోయేది. మొత్తం తొమ్మిదిమందిమి. బస్సు కండక్టర్ యాదగిరి, ఉప్పల్లో బ్లౌజులు కుట్టే సునీత, ఒక ల్యాబ్‌లో రిసెప్షన్‌లో కూర్చునే నేను, ఇంకో ఐదుగురు, ఆయన. మా నాన్న గుంటూరు నుంచి ఉద్యోగానికని ఇక్కడికొచ్చిన మనిషి. నేను నాగోల్‌లోనే పెరిగినా ఇంట్లో మాట మాత్రం మారలేదు. దాని మీద ఆయనకి ఎప్పుడూ వేళాకోళమే. "ఏమండీ, వచ్చారాండీ, కూర్చోండండీ" అని నాకు స్వాగతం చెప్పి, వెంటనే "జర ఆ చీపురు అందుకోండండీ" అనేవాడు.

నేను చేరిన కొత్తలో ఆయన డైరెక్టరు. నాచారంలోనే అచ్చులూ పనిముట్లూ చేసే ఒక టూల్ రూములో ఫోర్‌మన్‌గా చేసేవాడు. ఇనుముతో ఎలా ఉండేవాడో మాతోనూ అలాగే ఉండేవాడు. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు ఒకటి ఎప్పుడూ ఉండేది. రంగస్థలం మీద ఎవరెక్కడ నిలబడాలో సుద్దముక్కతో గీత గీసి మరీ చెప్పేవాడు. ఆయన కొలత సూతు. అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వడ్రంగులూ మిషను పనివాళ్ళూ వాడే మాట. "ఒక సూతు ఎడమకు జరుగు" అనేవాడు. "చెయ్యి ఒక సూతు ఎక్కువ లేచింది" అనేవాడు. చివరికి "ఏడుపు ఒక సూతు తక్కువైంది" అని కూడా అనేవాడు.

ఆ ఏడుపు దగ్గరే అంతా మారింది.

సునీతది బిడ్డని పోగొట్టుకున్న తల్లి వేషం. శవం ముందు కూర్చుని ఏడవాలి. ఆ పూట ఆయన ఆమె చేత ఆ ముక్క పదిహేనుసార్లు చేయించాడో ఇరవైసార్లు చేయించాడో నాకు లెక్క తప్పింది. చివరికి సుద్దముక్క గోడకేసి కొట్టి అరిచాడు.

"ఏడువుమంటే ఏడుస్తలేవేంది? ఇంట్ల ఎన్నడు ఏడువలేదా నువ్వు?"

సునీత లేవలేదు. నేల చూస్తూనే చెప్పింది. "ఇంట్ల ఏడుస్తనే ఉంట అన్నా. గీడ మీరు ముంగట నిలవడితే భయంతోని ఏడుపు గూడ వస్తలేదు."

ఆయన జేబులోంచి స్కేలు తీశాడు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు, దాని మీద అంకెలు మొదటిసారి కనబడ్డట్టు. మళ్ళీ జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళి, ప్రహరీ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి "ఇయ్యాల్టికి సాలు" అన్నాడు, అంతే.

తర్వాతి ఆదివారం ఒక చేతిలో రాగిచెంబు, ఇంకో చేతిలో బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. డబ్బా మూతకి కత్తితో చీలిక కోసి ఉంది. అందరినీ కింద గుండ్రంగా కూర్చోమన్నాడు. తనూ కూర్చున్నాడు. ఆయన మాతోపాటు నేల మీద కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇయ్యాల్టి సంది డైరెక్టర్ లేడు" అన్నాడు. "నాటకం ఏది ఎయ్యాలె, వేషం ఎవలకు ఇయ్యాలె, ఏడ ఎయ్యాలె, అన్ని అందరం గలిసి తేల్చుకునుడే."

యాదగిరి ఊరుకుంటాడా? "గట్లయితే బండి ఎవలు నడుపుతరన్నా? టికెట్లు నేను గొడ్త, మరి స్టీరింగు?"

"స్టీరింగు మీద తొమ్మిదిమందిమి చెయ్యెయ్యాలె."

"ఇగ జెప్పు. సక్కగ చెరువులకే పోతది."

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆ షెడ్డులో ఆయన నవ్వడం కూడా అదే మొదటిసారేమో. అప్పుడు డబ్బా మూత తీసి చూపించాడు. నిండా చింతగింజలు. మా ఇంట్లో చింతపిక్కలంటాం. సగం మామూలు గింజలు, నున్నగా నల్లగా. మిగతా సగం రెండువైపులా అరగదీసి తెల్లగా చేసినవి. ఆ వారమంతా డ్యూటీ నుంచి రాగానే గడపలో కూర్చుని బండకేసి రుద్దాడట. పిల్లల్లాగా అష్టాచెమ్మా ఆడతావా ఈ వయసులో అని ఇంటావిడ కోప్పడిందట.

పద్ధతి ఇది. ఎవరికైనా ఒక మాట తేల్చాలని ఉంటే దాన్ని గింజలకు పెట్టాలి. ఒక్కొక్కరికీ ఒక నల్లగింజ, ఒక తెల్లగింజ ఇస్తారు. ఇష్టమైతే తెల్లది, కాదంటే నల్లది, గుడ్డ కప్పిన చెంబులో చెయ్యి పెట్టి వదలాలి. మిగిలిన గింజ చీలికలోంచి డబ్బాలో పడేయాలి. చెంబులో ఒక్క నల్లగింజ ఉన్నా ఆ మాట ఆగిపోయినట్టే. ఎవరు వేశారని ఎవరూ అడగకూడదు. ఎందుకు వేశారని అసలే అడగకూడదు. మాట ఎవరిదో వాళ్ళే చెంబు తీసుకుని, గోడవైపు తిరిగి, అరచేతిలో బోర్లించి చూసుకుని, అయింది అనో కాలేదు అనో చెప్పాలి. నల్లవి ఎన్నో చెప్పకూడదు.

"నోటితో చెప్పుకోవచ్చు కదా అన్నా. ఈ గింజలెందుకు?" అన్నాను నేను.

"నోటితోని చెప్పేటోళ్ళే అయితే సునీత ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నది?" అన్నాడు. "లెక్క ఎందుకు చెప్పొద్దంటే, మాట వెట్టినోడు చిన్నబోవద్దు. గంతే."

అప్పట్నుంచి ఆయన మమ్మల్ని పేర్లతో పిలవడం మానేశాడు. అందరూ డైరెక్టర్లే. "ఏం డైరెక్టర్, చాయ్ తాగినవా?" "డైరెక్టర్, నీ బ్యాగు దోవల ఉన్నది." ఒకసారి షెడ్డు దగ్గరికి ఫ్లాస్కుతో చాయ్ తెచ్చే ముసలాయన్ని కూడా డైరెక్టరంటే, ఆ ముసలాయన మూడు ఆదివారాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

మొదట్లో మాకు ఈ పద్ధతి అసలు చాతకాలేదు. తెర రంగు తేలడానికే మూడు ఆదివారాలు పట్టింది. మల్లాపూర్‌లో ఒక కాలనీ హాల్లో నాటకం వేస్తే, కథంతా ఒక ఉత్తరం మీద నడవాలి, ఆ ఉత్తరం తేవడం ఎనిమిదిమందీ తొమ్మిదోవాళ్ళకి వదిలేశారు. తొమ్మిదో మనిషీ అలాగే అనుకున్నాడు. పోస్ట్‌మన్ వేషంలో ఉన్న యాదగిరి సంచంతా తడిమి, చివరికి జేబులోంచి తన మెట్రో కార్డు తీసి గంభీరంగా నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని కళ్ళకద్దుకుని, తమ్ముడు రాసిన నాలుగు పేజీలూ చదివి ఏడ్చాను. పాత రోజులైతే ఆయన మమ్మల్ని ఆ రాత్రికి ఇళ్ళకి పోనిచ్చేవాడు కాదు. తెర పక్కకి చూస్తే, నోట్లో తువ్వాలు కుక్కుకుని కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. తర్వాత అన్నాడు: "మంచిగైంది. తొమ్మిదిమందిమి మర్చిపోయినం. ఒక్కరి మీద వడలే."

డైరెక్టరు పని పోయాక ఆయన ఎవరికీ అక్కర్లేని పని ఒకటి ఎంచుకున్నాడు. తెర పక్కన చాటుగా నిలబడి, మాట మర్చిపోయినవాళ్ళకి అందించడం. పుస్తకం చేతిలో ఉండేది గాని దాన్ని చూసేవాడు కాదు. అందరి మాటలూ ఆయనకి వచ్చు. మేం రంగస్థలం మీద మాట్లాడుతుంటే అక్కడ చీకట్లో ఆయన పెదాలు కదిలేవి. తల్లి మాటకి ఆయన మొహం తల్లి మొహం అయిపోయేది, దొంగ మాటకి దొంగ మొహం. మేం మొత్తం కలిసి ఒక నాటకం వేస్తే, ఆయనొక్కడే అక్కడ చాటున అదే నాటకం మొత్తం వేసుకునేవాడు. చూసేవాళ్ళు మాత్రం లేరు. జీవితంలో ఒక్కసారి కూడా మొహానికి రంగు పూసుకోలేదు. ఎందుకన్నా అంటే "ఎవలో ఒకలు పక్కన నిలవడాలె గదా" అనేవాడు.

వంతు వచ్చినప్పుడు షెడ్డు ఊడ్చేవాడు. ఊడ్చేటప్పుడు మాత్రం పాత ఫోర్‌మన్ బయటికొచ్చేవాడు. మూలల్లో ఒక సూతు దుమ్ము కూడా ఉండేది కాదు.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. అప్పుడే మేమొక నాటకం కట్టాం. మూతపడ్డ ఫ్యాక్టరీకి ఒక ముసలి వాచ్‌మన్. రావద్దన్నా రోజూ పొద్దున్నే వచ్చి గేటు తీస్తాడు, సాయంత్రం వేస్తాడు. కూతురు వచ్చి ఇంటికి రమ్మని బతిమాలుతుంది. ఎవరో ఒకరు రాసింది కాదు, కింద గుండ్రంగా కూర్చుని అందరం తలా ఒక మాట అనుకుంటూ కట్టింది. వాచ్‌మన్ మాటల్లో సగం ఆయన నోట్లోంచి ఊడిపడ్డవే. ఆ నాటకానికి సిటీలో జరిగే ఒక పోటీకి పిలుపొచ్చింది. అన్నేళ్ళలో మాకు అలాంటి పిలుపు అదే మొదటిది. సునీత ఆ రోజు షెడ్డులో అందరికీ సేమ్యా పాయసం పోసింది.

ఆ వేషం రెండు ఆదివారాలు ఊరికే ఆయనే చదివాడు, ఇంకా ఎవరికీ అనుకోలేదు కాబట్టి. బాగా చదివాడు అని రాయాలని ఉంది. కానీ అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. చాయ్ సాసర్‌లో పోసుకుంటే సాసర్ గలగలమనేది. మాటల మధ్య ఆగిపోయేవాడు. ఒకసారి 'గేటు' అన్న మాటే గుర్తు రాక, చెయ్యి గాల్లో గొళ్ళెం తీస్తున్నట్టు పెట్టి మా మొహాలు చూశాడు. అందరి మాటలూ అందించే మనిషికి ఒక్క మాట అందించడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. ఆయనే నవ్వేసి "ఏందది, ఇనుపది, తెరుస్తమే, గదే" అన్నాడు.

మూడో ఆదివారం గుండ్రంగా కూర్చున్నాక, చెంబు తన ముందుకు లాక్కున్నాడు. అన్నేళ్ళలో ఆయన తన కోసం గింజలకు పెట్టిన మాట ఒక్కటీ లేదు.

"నాదొక మాట ఉన్నది" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "గా వాచ్‌మన్ వేషం నేనెయ్యాల్నని ఉన్నది. ఒక్కపాలి. లైట్ల నిలవడితే ఎట్లుంటదో సూద్దామని."

చెప్పేసి సిగ్గుపడ్డాడు. అరవై దాటిన మనిషి సిగ్గుపడి, జేబులో స్కేలు సర్దుకున్నాడు.

గింజలు పంచారు. నా గుప్పిట్లో రెండు గింజలు. చూడక్కర్లేదు, వేలికి తెలుస్తుంది. నున్నటిది నల్లది, గరుకుది తెల్లది.

అప్పుడు నేను ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను. కూతురి వేషం నాది. ఆయన మాట మర్చిపోతే ఎదురుగా నిలబడి బిక్కమొహం వేసేది నేను. పోటీకి పెద్దవాళ్ళు వస్తారు, నలుగురూ నన్ను చూస్తారు. ఈ ఒక్క నాటకం బాగా పోతే చాలు, ఆయన కావాలంటే తర్వాత ఎక్కడైనా వేసుకోవచ్చు. అందరూ తెల్లవే వేస్తారు, ఆయన మీద ప్రేమ అలాంటిది. ఇక సమాజం పరువు కాపాడేది నేనొక్కదాన్నే. దానికి ఒక్క గింజ చాలు. ఇంకో మాట కూడా అనుకున్నాను: ఎవరికీ తెలియదు కదా. ఎదురుగా నిలబడి "అన్నా, నాకు భయంగా ఉంది" అని చెప్పుంటే ఆయన వినేవాడు. వినడం కోసమే కదా ఆ మనిషి డైరెక్టరు పని వదిలేసుకున్నాడు. నోరు లేనివాళ్ళ కోసం ఆయన అరగదీసి తెచ్చిన గింజల వెనక, నోరున్న నేను దాక్కున్నాను.

నున్నటి గింజ చెంబులో వదిలాను.

ఆయన చెంబు తీసుకుని గోడవైపు తిరిగాడు. అరచేతిలో బోర్లించుకున్నాడు. నాకు కనబడింది ఆయన వీపు, మెడ మీద నెరిసిన వెంట్రుకలు. తొమ్మిది గింజలు చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? ఆయనకి చాలాసేపు పట్టింది. పక్క షెడ్డులో మిషను దడదడలాడుతూనే ఉంది. తర్వాత జేబురుమాలు తీసి, గింజలు అందులో పోసి ముడివేసి, జేబులో పెట్టుకున్నాడు. ఇటు తిరిగినప్పుడు నవ్వుతున్నాడు.

"కాలేదు" అన్నాడు. "ఒక్కటే నల్లది."

నల్లవెన్నో చెప్పకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. అన్నేళ్ళలో ఆయన దాన్ని తప్పింది ఆ ఒక్కసారే. అప్పుడు నాకు అది తోచనే లేదు.

"ఎవలబ్బా గా ఒక్కలు?" అన్నాడు యాదగిరి గట్టిగా.

"అడుగొద్దు డైరెక్టర్" అన్నాడు ఆయన. "పద్ధతి పద్ధతే. ఒక్కలకు ఇష్టం లేదంటే లేదు. వేషం నువ్వెయ్యి, నీకు మంచిగుంటది."

"అయ్యో అన్నా" అన్నాను నేను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అంత బాగా నేను ఏ రంగస్థలం మీదా నటించలేదు.

తర్వాతి వారం డబ్బాలో అన్నీ కొత్త గింజలు. పాతవి అరిగిపోయినయన్నాడు.

పోటీ రోజు ఆయన తన ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా తెచ్చాడు, యాదగిరికి తొడగడానికి. దాని చంకల దగ్గర అప్పటికే ఒకసారి కుట్లు విప్పి, బిగించి కుట్టిన ఆనవాళ్ళు కనబడ్డాయి. గింజలకు పెట్టడానికి వారం ముందే ఆయన దాన్ని సునీతకిచ్చి తన కొలతకి సరిచేయించుకున్నాడట. ఇప్పుడు యాదగిరి కోసం ఆమే మళ్ళీ విప్పింది. యాదగిరికి గుండీలు ఆయనే పెట్టాడు. వెళ్ళి తన చోట నిలబడ్డాడు. నాటకం నడుస్తున్నంతసేపూ నేను అటు చూడలేదు. ఒక్కసారి మాత్రం, యాదగిరి గేటు మూసేచోట, కన్ను అటు పోయింది. చీకట్లో ఆయన చెయ్యి గాల్లోకి లేచి గొళ్ళెం వేస్తోంది. వణకలేదు.

మాకు ఏ బహుమతీ రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఉప్పల్ చౌరస్తా దగ్గర అందరం దిగాక, ఆయన నా పక్కకి వచ్చి "ఆఖరి మాట ఒక సూతు ఆగి చెప్పినవ్ డైరెక్టర్. మస్తుగున్నది" అన్నాడు. చెప్పేద్దామనుకున్నాను. అందరూ ఉన్నారు, ఇప్పుడు కాదులే అనుకున్నాను. మళ్ళీ ఈ నాటకం వేస్తాం కదా, అప్పుడు ఆయన గింజలకు పెడితే తెల్లది వేస్తే సరిపోతుంది అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఆయన రాలేదు. ఆ వారం ఊడ్చే వంతు ఆయనది. షెడ్డు దుమ్ముగానే ఉంది. ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారని ఎనిమిదిమందిమీ అనుకున్నాం. అప్పటికి ఆయన రెండు రోజులుగా దవాఖానాలో ఉన్నాడు. మంగళవారం పొద్దున కబురు తెలిసింది. గుండె ఆగిపోయిందన్నారు.

దినాలైన తర్వాతి ఆదివారం వదిన, అంటే ఆయన భార్య, ఆటో దిగి షెడ్డుకి వచ్చింది. అన్నేళ్ళలో ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. మేం కుర్చీ కోసం వెతికాం, షెడ్డులో కుర్చీ లేదు. ఆమె మాతోపాటే కింద కూర్చుంది. మేం కూర్చున్న గుండ్రంలో ఖాళీగా ఉన్న చోటు ఆయనదే, ఆమెకది తెలియదు. కొంగు ముడిలోంచి ఒక జేబురుమాలు తీసింది.

"ఇయి మీ నాటకం సామానేనా సూడున్రి. అంగీ జేబుల దొరికినయి. పారేద్దామంటె మనసొప్పలే."

ముడి విప్పి నేల మీద పరిచింది. తొమ్మిది చింతగింజలు.

ఎనిమిది నల్లవి. ఒకటి తెల్లది.

నేను యాదగిరి వైపు చూశాను. యాదగిరి సునీత వైపు చూస్తున్నాడు. సునీత గింజల వైపు చూస్తూ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి, నా మొహంలాగే. ఆ చెంబులో పడ్డ తెల్లది ఒక్కటే. అది ఆయన వేసుకున్నది.

వదిన తన ధోరణిలో చెబుతోంది. "ఆ దినం ఇంటికొచ్చి బువ్వ తినలే. ఏమైందయ్యా అంటే, వేషం రాలే, ఒక్కలు వద్దన్నరు, గంతే అన్నడు. తక్కినోళ్ళందరికి నేనంటే పానం అన్నడు. మరి అంతమంది ఉన్నంక గా ఒక్కల కోసం ఎందుకు రంది వెట్టుకుంటవని నేనే కోప్పడ్డ." వేలితో గింజలు కదిపింది. తెల్లదాన్ని పక్కకి జరిపింది. "ఇగో, గిదొక్కటే గదా వద్దన్నది?"

మేం ఎనిమిదిమందిమి. అందరికీ నోరుంది. పక్క షెడ్డు మిషను మీద కూడా వినబడేంత గొంతులున్నాయి.

"ఔ వదినా" అన్నాడు యాదగిరి. "గదొక్కటే."

ఆమె నల్లవి ఎనిమిదీ ఏరి మళ్ళీ రుమాల్లో ముడివేసుకుంది. "ఎవలో ఏమో. వాళ్ళ మీద నాకు కోపం లేదు. గని ఇది నా ఇంట్ల వెట్టుకోను బిడ్డా" అని తెల్లగింజని అక్కడే నేల మీద వదిలేసి లేచింది.

ఆటో వెళ్ళిపోయాక సునీత అంది. "నాదొక్కటే అనుకున్న." నేనూ ఆ మాటే ఆయన బతికున్నన్ని వారాలూ మోశాను, ఆయన పోయాక పన్నెండు రోజులు మోశాను. అందరం మోశాం, ఎవరిది వాళ్ళం. మేం ఒకళ్ళనొకళ్ళం అనుమానించుకోకూడదని, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోగలగాలని, ఆయన గోడవైపు తిరిగి ఎనిమిదిని ఒకటి చేశాడు. ఆ తర్వాత ఇటు తిరిగి నవ్వాడు.

తెల్లగింజ నేను తీసుకున్నాను.

చింతపండు కొన్న మర్నాడు దాన్ని పర్సులో పెట్టుకుని ఉప్పల్లో వదిన ఇంటికి వెళ్ళాను. చెప్పేయాలని వెళ్ళాను. తెల్లది ఆయనది, నల్లవి మావి అని. దారంతా మాటలు కూర్చుకున్నాను, వేషానికి కూర్చుకున్నట్టు.

ముందుగదిలో ఆయన ఫోటో. ఫోటో ముందు చిన్న ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో ఎనిమిది నల్లగింజలు, ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు.

"రోజు పొద్దుగాల దండం వెడుత" అంది వదిన చాయ్ ఇస్తూ. "పోయేముందు ఆయన ఎంబడి ఎవలున్నరో నాకు గిట్ల గుర్తుంటది." కాసేపాగి, పళ్ళెం నా దగ్గరికి జరిపింది. "ఈ గింజలల్ల నీదేదో గుర్తువడతవా బిడ్డా?"

నా దగ్గర కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. అందించడానికి చాటున ఎవరూ లేరు.

చెయ్యి చాపి ఒక గింజని చూపించాను.

వదిన దాన్ని తీసి, కొంగుతో తుడిచి, చెరిగిన బొట్టు మళ్ళీ పెట్టి, అన్నిటికన్నా ముందు, ఆయన ఫోటోకి దగ్గరగా పెట్టింది.